మేజర్ అగస్టా: విదేశీ డిగ్రీ, సైనిక యూనిఫాం, 7 డాలర్ల జీతం

1863 మార్చి. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై రెండేళ్లు కావస్తోంది. సైన్యంలో డాక్టర్ల కొరత తీవ్రంగా ఉంది. వాషింగ్టన్‌లోని ఆర్మీ మెడికల్ బోర్డు ముందుకు ఒక అభ్యర్థి వచ్చారు. వయసు ముప్పై ఎనిమిది. కెనడాలో ట్రినిటీ మెడికల్ కాలేజీ ఇచ్చిన డిగ్రీ ఉంది. టొరంటోలో కొన్నేళ్లు ప్రాక్టీసు చేసిన అనుభవం ఉంది. పరీక్షకు రమ్మని పిలిచింది కూడా సైన్యమే. తీరా మనిషిని చూశాక బోర్డుకు ఇబ్బంది వచ్చి పడింది. ఆ ఆహ్వానాన్ని వెనక్కి తీసుకోవాలని బోర్డు పెద్ద సర్జన్ జనరల్‌కు ఉత్తరం రాశాడు. అందులో చూపిన కారణాలు రెండు. మొదటిది, ఈయన ఆఫ్రికా సంతతి మనిషిలా కనిపిస్తున్నాడు. రెండోది, ఈయన కెనడా నుంచి వచ్చిన విదేశీయుడు, బ్రిటిష్ రాణి ప్రజ. ఈ యుద్ధంలో తటస్థంగా ఉంటామని రాణి ప్రకటించింది కాబట్టి ఈయన్ని సైన్యంలో చేర్చుకుంటే ఆ ప్రకటనను ఉల్లంఘించినట్టవుతుంది.

ఆ అభ్యర్థి పేరు అలెగ్జాండర్ థామస్ అగస్టా. పుట్టింది కెనడాలో కాదు, అమెరికాలోనే, వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్ పట్టణంలో. వైద్యం చదవడానికి సొంత దేశపు కాలేజీ సీటు ఇవ్వలేదు కాబట్టే సరిహద్దు దాటి వెళ్లారు. ఏ గడప తోసేస్తే ఆయన పరాయి దేశం పోయారో, ఆ గడపే ఇప్పుడు పరాయివాడివంటోంది. అంతకు ఆరేళ్ల ముందు, 1857లో, అమెరికా సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతి వాళ్లు ఈ దేశ పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. స్వదేశంలో ఉంటే పౌరుడు కాడు, బయటికెళ్లి చదువుకొస్తే విదేశీయుడు. ఇంటర్వ్యూ బోర్డులు నాట్ ఫౌండ్ సూటబుల్ అని రాసి రిజర్వుడు పోస్టుల్ని ఖాళీగా మిగిల్చే తీరును దగ్గర్నుంచి చూసిన మన విద్యార్థులకు ఈ తర్కం కొత్తగా ఏమీ అనిపించదు. రెండో కారణం ఎప్పుడూ మొదటి కారణానికి కప్పిన దుప్పటే.

అగస్టా 1825 మార్చి 8న పుట్టారు. తల్లిదండ్రులు బానిసలు కాదు, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు. ఆ స్వేచ్ఛ ఎంతపాటిదో చెప్పడానికి ఒక్క విషయం చాలు. ఆయనకు ఆరేళ్ల వయసులో, 1831లో, వర్జీనియా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు చదవడం, రాయడం నేర్చుకోవడానికి ఒకచోట చేరినా అది చట్టవిరుద్ధమే. శూద్రుడు వేదం వింటే చెవిలో సీసం పోయమన్న ధర్మశాస్త్రం మనకు తెలుసు. అక్కడ శాసనసభే ఆ పని చేసింది. ఆ చట్టం కళ్లుగప్పి అగస్టా అక్షరాలు నేర్చుకున్నారు.

యువకుడిగా బాల్టిమోర్ వెళ్లి క్షురకుడిగా పనిచేశారు. గడ్డాలు గీస్తూ, జుట్టు కత్తిరిస్తూ కూడబెట్టిన డబ్బుతో ప్రైవేటుగా వైద్యం చదవడం మొదలుపెట్టారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలోనూ కురుపు కోసి కట్టు కట్టిన చెయ్యి క్షురకుడిదే. పురుడు పోసి బొడ్డు కోసిన చెయ్యి మంగలి, మాదిగ ఇళ్ల నుంచి వచ్చిన మంత్రసానిది. రక్తం, చీము, మాయ ముట్టుకునే పని మైలదైనంత కాలం అది కింది కులాలకే వదిలేశారు. అదే పని తెల్లకోటు తొడుక్కుని, మెడలో స్టెతస్కోపు వేసుకుని, జీతం, గౌరవం తెచ్చే వృత్తిగా మారాక మాత్రం దానికి ప్రతిభ కావాలన్నారు. అగస్టా ఆ రెండు లోకాల మధ్య గీత దాటాలనుకున్న మనిషి.

1847లో మేరీ బర్గోయిన్‌ను పెళ్లి చేసుకున్నారు. తర్వాత ఫిలడెల్ఫియా వెళ్లి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మెడికల్ స్కూల్లో చేరాలని ప్రయత్నించారు. చేర్చుకోలేదు. అక్కడి ప్రొఫెసర్ విలియం గిబ్సన్ మాత్రం ఈ కుర్రవాడి పట్టుదల చూసి తన దగ్గర విడిగా చదువుకోనిచ్చాడు. అంటే పాఠం చెప్పడానికి అభ్యంతరం లేదు, తరగతి గదిలో కూర్చోబెట్టి డిగ్రీ ఇవ్వడానికే అభ్యంతరం. భార్యాభర్తలిద్దరూ కాలిఫోర్నియా వెళ్లారు. బంగారం కోసం దేశమంతా అటు పరిగెత్తుతున్న రోజులవి. వీళ్లు కాలేజీ ఫీజు కోసం వెళ్లారు. అక్కడ సంపాదించిన డబ్బుతో కెనడా చేరుకున్నారు.

1850లో ఆయన ట్రినిటీ మెడికల్ కాలేజీలో చేరారు. అదే ఏడాది అమెరికాలో ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టం వచ్చింది. పారిపోయిన బానిస ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కడ దొరికినా పట్టుకుని యజమానికి అప్పగించాలని ఆ చట్టం చెప్పింది. బానిసలు కానివాళ్లకు కూడా వీధిలో భద్రత లేకుండా పోయింది. కెనడాలో అప్పటికి బానిసత్వం లేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలోని చాలా భాగాల్లో 1834 నుంచి అది రద్దయింది. వేలాది నల్లజాతి కుటుంబాలు సరిహద్దు దాటి ఉత్తరానికి నడిచాయి. ఆ జనప్రవాహంలోనే అగస్టా దంపతులు టొరంటోలో కాపురం పెట్టారు. ఆయన 1856లో డిగ్రీ అందుకున్నారు. యంగ్ స్ట్రీట్‌లో మందుల షాపు నడిపారు. పళ్లు పీకడం, జలగలు పట్టించడం లాంటివి కూడా ఆ రోజుల్లో డాక్టరు చేసే పనులే. మేరీ సొంతంగా దుస్తులు కుట్టే దుకాణం పెట్టారు. ఆయన చదువు నిలబడటంలో ఆమె సంపాదన ఎంతుందో ఏ చరిత్ర పుస్తకమూ లెక్కగట్టలేదు. నల్లజాతి పిల్లల చదువు కోసం పెట్టిన సంఘానికి అగస్టా నాయకత్వం వహించారు. ఆండర్సన్ రఫిన్ అబ్బాట్ అనే టొరంటో కుర్రవాడికి దగ్గరుండి వైద్యం నేర్పారు. కెనడాలో పుట్టి, లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి డాక్టర్ ఈ అబ్బాట్. ఈయన మళ్లీ మన కథలోకి వస్తారు.

టొరంటోలో ఆయన జీవితం స్థిరపడింది. అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన చేశాడు. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలు ఇకపై స్వతంత్రులన్నాడు. నల్లవాళ్లను సైన్యంలోకి తీసుకుంటామన్నాడు. సరిగ్గా ఆరు రోజులకు, జనవరి 7న, అగస్టా లింకన్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతి రెజిమెంట్లకు గానీ, విముక్తులైన బానిసల శిబిరాలకు గానీ తనను వైద్యుడిగా నియమించమని కోరారు. తన జాతి వాళ్లకు తన చదువు పనికిరావాలన్నదే తన ఉద్దేశమని చెప్పారు.

అలా వచ్చి బోర్డు దగ్గర ఇరుక్కున్నారు. వెనక్కి వెళ్లిపొమ్మంటే ఆయన వెళ్లలేదు. మళ్లీ ఉత్తరం రాశారు. దాదాపు వెయ్యి మైళ్ల దూరం సొంత ఖర్చుతో వచ్చానని, దేశానికీ తన జాతికీ ఈ కీలక సమయంలో ఉపయోగపడాలనే వచ్చానని, పరీక్ష పెట్టి చూడమని అడిగారు. బోర్డు దిగొచ్చింది. పరీక్ష పెట్టారు. ఆయన పాసయ్యారు. 1863 ఏప్రిల్‌లో మేజర్ హోదాతో సర్జన్‌గా కమిషన్ ఇచ్చారు. అమెరికా సైన్యంలో కమిషన్ పొందిన మొదటి నల్లజాతి వైద్యుడు ఆయనే. అప్పటికి ఆ సైన్యంలో అంత హోదా ఉన్న నల్లవాళ్లు చాలా అరుదు.

ఆయన గురించి రాసే చాలామంది ఇక్కడ విజయగాథ ముగించేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలైందనిపిస్తుంది.

మే 1న ఆయన బాల్టిమోర్ నుంచి ఫిలడెల్ఫియా వెళ్లే రైలెక్కారు. మేజర్ యూనిఫాంలో ఉన్నారు. భుజాల మీద హోదా తెలిపే పట్టీలున్నాయి. ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఆయన జుట్టు కత్తిరించి బతికారు. ఆ పనికి ఊరికి అభ్యంతరం లేకపోయింది. ఒక కుర్రవాడు బోగీలోకి వచ్చి బూతులు తిడుతూ ఆయన భుజపట్టీ పీకేశాడు. ఇంకొకడు రెండో పట్టీ లాగేశాడు. క్షణాల్లో గుంపు పోగైంది. రెండేళ్ల కిందట ఉత్తరాది సైనికుల మీద గుంపు దాడి జరిగి, యుద్ధంలో మొదటి నెత్తురు చిందింది ఈ స్టేషన్ దగ్గర మొదలైన అల్లర్లలోనే. అగస్టా పారిపోలేదు. రైలు దిగి సైనిక పోలీసు కార్యాలయానికి వెళ్లారు. తన కమిషన్ పత్రం చూపించారు. ఒక అధికారిని వెంటబెట్టుకుని తిరిగొచ్చి తన మీద దాడి చేసినవాళ్లను వెతికి పట్టించారు. మళ్లీ స్టేషన్‌కు వెళ్తుండగా ఒకడు వచ్చి ముఖం మీద గుద్దాడు. ముక్కు నుంచి రక్తం కారింది. వాడినీ అరెస్టు చేయించారు. చివరికి సాయుధ కాపలా మధ్య ప్రయాణం సాగింది. తర్వాత జరిగినదంతా వివరంగా రాసి వాషింగ్టన్ పత్రికకు పంపారు. ఆ యూనిఫాం వేసుకునే హక్కు తనకుందని, దాన్ని ఎక్కడైనా కాపాడుకుంటానని ఆ ఉత్తరంలో స్పష్టం చేశారు.

యూనిఫాం అంటే గుడ్డ కాదు. ఎవరు ఏ బట్ట కట్టాలో, చెప్పులేసుకుని ఏ వీధిలో నడవొచ్చో, పెళ్లికొడుకు గుర్రమెక్కొచ్చో లేదో కులం నిర్ణయించే దేశంలో ఉన్నవాళ్లకు ఆ భుజపట్టీలు ఎందుకు పీకారో విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ నెలలోనే ఆయన్ని వాషింగ్టన్‌లోని కాంట్రాబ్యాండ్ ఆసుపత్రికి అధిపతిగా నియమించారు. అమెరికాలో ఒక ఆసుపత్రికి నల్లజాతి మనిషి అధిపతి కావడం అదే మొదలు. ఆసుపత్రి పేరు చూడండి. కాంట్రాబ్యాండ్ అంటే శత్రువు నుంచి స్వాధీనం చేసుకున్న నిషిద్ధ సరుకు. దక్షిణాది తోటల నుంచి తప్పించుకుని ఉత్తరాది సైన్యం దగ్గరికి వచ్చిన బానిసలను తిరిగి ఇవ్వకుండా ఉండటానికి 1861లో ఒక సైన్యాధికారి ఈ న్యాయపు మెలిక కనిపెట్టాడు. బానిసలు ఆస్తి అని మీరే అంటున్నారు, శత్రువు ఆస్తిని యుద్ధంలో జప్తు చేయొచ్చు కదా అన్నాడు. మనుషులు బయటపడ్డారు గానీ సరుకు అనే పేరుతోనే బయటపడ్డారు.

ఆ శిబిరంలో గుడారాలు, చెక్క షెడ్లు, కిక్కిరిసిన జనం. మశూచి, జ్వరాలు, విరేచనాలు. రోజుల తరబడి నడిచొచ్చిన తల్లులు, పిల్లలు. బానిసత్వం నుంచి తప్పించుకుని తన జీవితకథ రాసిన హ్యారియెట్ జేకబ్స్ లాంటి స్త్రీలు ఆ శిబిరంలో సహాయక చర్యలు చేపట్టారు. ఆసుపత్రిలో నర్సులుగా, వంటవాళ్లుగా, బట్టలుతికేవాళ్లుగా పనిచేసిన వాళ్లలో చాలామంది నిన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్లే. టొరంటో నుంచి అగస్టా శిష్యుడు అబ్బాట్ కూడా వచ్చి చేరారు. ఆయనకు కమిషన్ ఇవ్వలేదు, కాంట్రాక్టు సర్జన్‌గా తీసుకున్నారు. పని ఒకటే, హోదా వేరు. కాంట్రాక్టు నర్సులు, పారిశుధ్య కార్మికులు మన ప్రభుత్వాసుపత్రుల గేట్ల ముందు ఎందుకు టెంట్లు వేసుకుని కూర్చుంటున్నారో తెలిసినవాళ్లకు ఈ తేడా అర్థమవుతుంది.

ఆ నర్సుల గురించి ఒక్క మాటతో దాటేస్తే అన్యాయం. యుద్ధంలో సైనిక ఆసుపత్రులంతటా నల్లజాతి స్త్రీలు గాయాలు కడిగారు, కట్లు కట్టారు, రాత్రుళ్లు కాపలా కాశారు. రికార్డుల్లో మాత్రం చాలామందిని నర్సు అని రాయలేదు, చాకలి అనో వంటమనిషి అనో రాశారు. 1892లో ఆర్మీ నర్సులకు పింఛను ఇస్తూ చట్టం వచ్చినప్పుడు ఆ ఒక్క పదం వాళ్ల కొంప ముంచింది. రికార్డులో నర్సు అని ఉన్నవాళ్లకే పింఛను. సూసీ కింగ్ టేలర్ అనే అమ్మాయి జార్జియాలో బానిసగా పుట్టి, పద్నాలుగేళ్ల వయసు నుంచి ఒక నల్లజాతి రెజిమెంట్‌తో ఉండి, సైనికులకు బట్టలుతికి, గాయాలకు కట్లు కట్టి, వాళ్లకు చదువు చెప్పింది. 1902లో తన అనుభవాలను పుస్తకంగా రాసుకుంది. నర్సు పింఛను ఆమెకు దక్కలేదు. అగస్టాకు డిగ్రీ ఉంది కాబట్టి పోరాడటానికి ఒక కాగితమైనా ఉంది. వీళ్లకు ఆ కాగితమూ లేదు.

1863 అక్టోబరులో అగస్టాను 7వ కలర్డ్ రెజిమెంట్‌కు సర్జన్‌గా వేశారు. మేరీల్యాండ్‌లో శిబిరం. ఆయన కింద, పక్క రెజిమెంట్లలో పనిచేసే అసిస్టెంట్ సర్జన్లు తెల్లవాళ్లు. ఈ నియామకం వాళ్లకు మింగుడుపడలేదు. 1864 ఫిబ్రవరిలో వాళ్లు నేరుగా లింకన్‌కే ఉత్తరం రాశారు. నల్లజాతి ఉద్ధరణ తమకు ఇష్టమేనట. నల్ల సైనికులకు వైద్యం చేయడానికి అభ్యంతరం లేదట. ఒక నల్లవాడి కింద పనిచేయడం మాత్రం తమకు అవమానమట. ఈ రకం ఉదారవాదిని మనం బాగా ఎరుగుదుం. దళితుల కోసం ఏమైనా చేస్తాడు, దళితుడి కింద మాత్రం పనిచేయడు.

ప్రభుత్వం ఏం చేసింది? అగస్టా కమిషన్ రద్దు చేయలేదు. ఫిర్యాదు చేసినవాళ్లను మందలించనూ లేదు. అగస్టాను రెజిమెంట్ నుంచి తప్పించి బాల్టిమోర్‌లో కొత్తగా చేరే నల్ల సైనికులకు వైద్య పరీక్షలు చేసే డ్యూటీ వేసింది. కాగితం మీద ఆయన ఇంకా 7వ రెజిమెంట్ సర్జనే. మనిషి మాత్రం అక్కడ లేడు. హోదా తీసేస్తే వార్తవుతుంది, బదిలీ చేస్తే పరిపాలన అవుతుంది. యుద్ధం ముగిసేదాకా ఆయన్ని తన రెజిమెంట్‌తో యుద్ధభూమికి పంపలేదు. తెల్ల డాక్టర్ల ఉత్తరం సాధించింది ఇదీ. నా దృష్టిలో బాల్టిమోర్ గుంపు చేసిన దాడి కన్నా ఇదే పెద్ద దెబ్బ. గుంపులోని వాణ్ని అరెస్టు చేయించొచ్చు. బదిలీ ఉత్తర్వును ఎవరు అరెస్టు చేస్తారు?

అదే ఫిబ్రవరి 1న వాషింగ్టన్‌లో ఇంకొకటి జరిగింది. ఆ రోజు ఆయన ఒక సైనిక న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పాలి. వాన పడుతోంది. గుర్రాలు లాగే ట్రామ్ ఆపి ఎక్కబోయారు. నల్లవాళ్లు లోపల కూర్చోకూడదని, ముందు తోలేవాడి పక్కన నిలబడాలని కండక్టర్ అడ్డుపడ్డాడు. అక్కడ పైకప్పు లేదు. అగస్టా ఒప్పుకోలేదు. కండక్టర్ ఆయన్ని కిందికి తోసేశాడు. మేజర్ అగస్టా వానలో, బురదలో నడిచి కోర్టుకు వెళ్లారు, ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో వివరిస్తూ న్యాయాధికారికి అధికారికంగా ఉత్తరం రాశారు. తప్పు చేసినవాళ్లను అరెస్టు చేయాలని కూడా కోరారు.

ఆ ఉత్తరమే ఆయుధమైంది. మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ దాన్ని సెనేట్ ముందు పెట్టి, దేశ రాజధానిలో దేశపు సైన్యాధికారినే ట్రామ్ నుంచి తోసేస్తారా అని నిలదీశాడు. వాదోపవాదాలు సాగాయి. నల్లవాళ్లకు వేరే బండ్లు ఉన్నాయి కదా అని కొందరు సెనేటర్లు తేలిగ్గా కొట్టిపారేశారు. 1865 మార్చిలో వాషింగ్టన్ ట్రామ్‌లన్నిటిలో రంగు పేరుతో ఎవరినీ దించకూడదని చట్టమైంది. చట్టం వచ్చాక కూడా సొజర్నర్ ట్రూత్ లాంటి పెద్దావిడను అదే ఊళ్లో కండక్టర్ తోసేస్తే భుజం దెబ్బతింది. ఆమె కేసు పెట్టి ఆ కండక్టర్ ఉద్యోగం పోయేలా చేసింది. బస్సులో సీటు పోరాటం అనగానే మనకు 1955 నాటి రోజా పార్క్స్ గుర్తొస్తారు. ఆ దారి అంతకు తొంభై ఏళ్ల ముందే వాన బురదలో మొదలైంది.

ఇక జీతం. అగస్టా మేజర్. ఒక తెల్ల మేజర్‌కు ఎంత జీతమో ఆయనకూ అంతే రావాలి. బాల్టిమోర్‌లోని పేమాస్టర్ ఆయన చేతిలో నెలకు 7 డాలర్లు పెట్టబోయాడు. ఆ లెక్క ఎలా వచ్చిందంటే, 1862 చట్టం ప్రకారం సైన్యంలో పనిచేసే నల్లవాళ్లకు నెలకు 10 డాలర్లు. అందులో 3 డాలర్లు బట్టలకని కోత. తెల్ల సిపాయికి 13 డాలర్లు, బట్టలు అదనం. అంటే డిగ్రీ, పరీక్ష, కమిషన్, భుజపట్టీలు అన్నీ పక్కకు పోయి పేమాస్టర్ కంటికి ఆయన చర్మం ఒక్కటే కనిపించింది. మేజర్‌ను అత్యంత కింది స్థాయి తెల్ల సిపాయి కన్నా కింద కూర్చోబెట్టింది ఆ లెక్క.

అగస్టా ఆ డబ్బు ముట్టుకోలేదు. సెనేటర్ హెన్రీ విల్సన్‌కు ఉత్తరం రాశారు. విల్సన్ యుద్ధ మంత్రికి రాశాడు. 1864 ఏప్రిల్‌లో ఆయన హోదాకు తగ్గ జీతం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఆయన సమస్య తీరింది. మామూలు నల్ల సిపాయిలకు మాత్రం అప్పటికీ ఆ 7 డాలర్లే. మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ సిపాయిలు నెలల తరబడి జీతమే తీసుకోకుండా నిరసన తెలిపారు. ఇళ్ల దగ్గర పెళ్లాం బిడ్డలు పస్తులున్నారు. వాళ్ల పోరాటం తర్వాత 1864 జూన్‌లో గానీ కాంగ్రెస్ సమాన వేతనానికి ఒప్పుకోలేదు.

మధ్యలో ఒక చిన్న సంగతి. ఆ శీతాకాలంలో అగస్టా, అబ్బాట్ ఇద్దరూ యూనిఫాంలో అధ్యక్ష భవనంలో విందుకు వెళ్లారు. అబ్బాట్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం లింకన్ ముందుకొచ్చి చేయి కలిపాడు. కొడుకు రాబర్ట్ ఇదేంటన్నట్టు అభ్యంతరం పెట్టబోతే లింకన్ పట్టించుకోలేదు. గదిలో మిగతావాళ్లంతా ఈ ఇద్దరినీ వింత జంతువుల్లా చూశారు. చేయి కలిపిన ఆ అధ్యక్షుడి ప్రభుత్వంలోనే ఆ ఏడాది పేమాస్టర్ 7 డాలర్లు లెక్కగట్టాడు. దండలేయడం వేరు, బిల్లు పాస్ చేయడం వేరు.

ఈ కథ చదువుతుంటే బాబాసాహెబ్ బరోడా రోజులు గుర్తుకు రాకుండా ఉండవు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేడ్కర్‌ను 1917లో బరోడా సంస్థానం మిలిటరీ సెక్రటరీగా నియమించింది. నౌకర్లు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీద విసిరారు. ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయించింది. కొద్ది రోజులకే ఆ ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. విదేశీ డిగ్రీ, సైనిక శాఖలో పెద్ద కొలువు, ఊరి నిండా మూసిన తలుపులు. ఈ పోలిక మనం ఇప్పుడు కొత్తగా కల్పించుకున్నది కాదు. అగస్టా బతికుండగానే, 1873లో, జోతిరావు ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఆ ఉద్యమం నుంచి మన దేశంలోని శూద్రాతిశూద్రుల విముక్తికి స్ఫూర్తి రావాలని ఆశించారు.

అయితే ఒక తేడా ఉంది. బరోడాలో అంబేడ్కర్ ఫిర్యాదు వినే సెనేట్ లేదు. మహారాజు ఉన్నాడు, దివాను ఉన్నాడు, వాళ్లు చేతులెత్తేశారు. అగస్టా ఉత్తరాలు పనిచేశాయంటే అవతల సమ్నర్, విల్సన్ లాంటివాళ్లు చట్టసభలో ఉన్నారు కాబట్టి, నల్ల సిపాయిలు లేకుండా యుద్ధం గెలవలేమని ప్రభుత్వానికి అర్థమైంది కాబట్టి. ఆ అవసరం తీరాక ఏమైందో చూద్దాం.

1865 మార్చిలో ఆయనకు గౌరవ హోదాగా లెఫ్టినెంట్ కల్నల్ పదవి ఇచ్చారు. యుద్ధం ముగిశాక జార్జియాలోని సవన్నాలో విముక్తుల ఆసుపత్రి చూసుకున్నారు. 1866లో సైన్యం నుంచి బయటికొచ్చారు. 1868లో వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయం వైద్య విభాగం తెరిచినప్పుడు శరీర నిర్మాణ శాస్త్రం బోధించడానికి చేరారు. అమెరికాలో ఒక మెడికల్ కాలేజీలో బోధకుడైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. పెన్సిల్వేనియా తరగతి గదిలోకి రానివ్వని మనిషి తరగతి గది తానే నడిపారు. ఒకప్పుడు ఆయన నడిపిన కాంట్రాబ్యాండ్ ఆసుపత్రే పెరిగి ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రి అయింది, తరాల తరబడి నల్లజాతి డాక్టర్లు, నర్సులు తయారైన చోటు అది.

1869లో ఆయన, ఛార్లెస్ పర్విస్, ఆల్ఫియస్ టకర్ అనే మరో ఇద్దరు నల్లజాతి డాక్టర్లు వాషింగ్టన్ మెడికల్ సొసైటీలో సభ్యత్వం అడిగారు. ముగ్గురికీ అర్హత ఉందని సొసైటీయే ఒప్పుకుంది. ఓటింగ్ పెట్టి తిరస్కరించింది. ఇది క్లబ్బు సభ్యత్వం లాంటిది కాదు. సొసైటీ సభ్యుడు కాని డాక్టర్‌తో మిగతా డాక్టర్లు కలిసి రోగిని చూడరు, సలహా ఇవ్వరు, చర్చల్లోకి రానివ్వరు. అంటే ప్రాక్టీసు గొంతు నులమడమే. అగస్టా, ఆయన సహచరులు 1870లో నేషనల్ మెడికల్ సొసైటీ పేరుతో నల్ల, తెల్ల డాక్టర్లు కలిసి ఉండే సంఘం పెట్టారు. ఆ ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మహాసభ వాషింగ్టన్‌లోనే జరిగింది. ఈ కలగలుపు సంఘం ప్రతినిధులను లోపలికి రానివ్వలేదు. తెల్లవాళ్ల సంఘాన్ని రానిచ్చారు. వర్ణవివక్ష వల్ల కాదు, నిబంధనల వల్ల అన్నారు. 1863 నాటి బోర్డు కప్పిన పాత దుప్పటే మళ్లీ కప్పారు. నల్లజాతి డాక్టర్ల పట్ల తమ చరిత్రకు ఆ అసోసియేషన్ క్షమాపణ చెప్పింది 2008లో.

అగస్టా 1877 దాకా హోవర్డ్‌లో పాఠాలు చెప్పారు. తర్వాత వాషింగ్టన్‌లో ప్రాక్టీసు చేస్తూ బతికారు. ఆ సొసైటీ ఆయన్ని చివరిదాకా చేర్చుకోలేదు. 1890 డిసెంబరు 21న చనిపోయారు.

సైనికుల కోసం కేటాయించిన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఆయన్ని ఖననం చేశారు. అక్కడ సమాధైన మొదటి నల్లజాతి సైన్యాధికారి ఆయన. అప్పట్లో ఆ శ్మశానంలో కూడా నల్ల సైనికులకు విడిగా ఒక మూల ఉండేది. అగస్టాను ఆ మూలలో కాదు, అధికారుల మధ్య, ఒకటో సెక్షన్‌లో పాతిపెట్టారు. చుట్టూ మిగతా శ్మశానంలో ఆ విభజన 1948 దాకా కొనసాగింది.